‘బయటకు పోయి నశిస్తాయి’: ఇది నిర్వచనమా?

ఈ మధ్య ఒక పత్రికవారు అడిగితే కణజీవశాస్త్రం మీద తెలుగులో ఒక వ్యాసం రాసి పంపాను. అందులో రెండు పుటలు, మడత తప్పిన ప్రోటీన్లను కణం ఎలా వెలికితీసి ధ్వంసం చేస్తుందన్న విషయానికి కేటాయించాను. అచ్చయి వచ్చిన వ్యాసంలో ఆ రెండు పుటలూ లేవు. వాటి స్థానంలో ఒకే ఒక్క వాక్యం ఉన్నది: “మడత తప్పిన ప్రోటీన్లు అంతర్జీవద్రవ్య జాలకం నుండి బయటకు పోయి నశిస్తాయి.” ఫోను చేసి అడిగితే, “సామాన్య పాఠకుడికి ఇంత చాలునండీ, తక్కినదంతా పరిశోధకుల గొడవ” అన్నారు.

స్థలం చాలలేదని చెప్పి ఉంటే నోరు మూసుకునేవాణ్ణి. పత్రికకు పుటలు లెక్క. కానీ ‘ఇంత చాలు’ అన్న మాట నాకు మింగుడుపడలేదు. వాక్యం చిన్నదైనందుకు కాదు నా బాధ, తప్పైనందుకు. పట్టుమని పది మాటలు లేని ఆ వాక్యంలో నాలుగు తప్పులున్నాయి. ‘మడత తప్పిన’ అన్నది సగం నిజం. ‘బయటకు’ అన్నది అసలు చిక్కును దాచిపెడుతుంది. ‘పోయి’ అన్నది పచ్చి అబద్ధం. ‘నశిస్తాయి’ అన్నది అన్నివేళలా జరగదు. తెలుగులో సైన్సు రాసే బ్లాగ్మిత్రులు ఇక్కడ పలువురున్నారు కనుక, ఈ నాలుగింటి సంగతీ మీ ముందే తేల్చుకుందామని ఈ టపా.

ముందు రంగస్థలం చెప్పాలి. కణం తయారు చేసే ప్రోటీన్లలో సుమారు మూడోవంతు ఈ జాలకం లోపలికో, దాని పొరలోకో చేరతాయి. రక్తంలోకి పోవలసిన ఇన్సులిన్, ప్రతిరక్షకాలు, కణం పైపొరలో నిలవవలసిన గ్రాహకాలు, అన్నీ ఈ గుమ్మం దాటినవే. ఇవి సన్నని దారంలా లోపలికి వస్తాయి. లోపలే మడతలు పడతాయి, చక్కెర గొలుసులు తగిలించుకుంటాయి, గంధకపు బంధాలతో బిగుసుకుంటాయి. సరైన ఆకృతి వచ్చినవి ముందుకు, గాల్జీ వైపు సాగుతాయి. రానివాటిని ధ్వంసం చేయాలి. ధ్వంసం చేసే యంత్రం ప్రోటియాసోమ్. అది జాలకంలో లేదు, పొరకు అవతల సైటోసాల్‌లో ఉన్నది. శిక్ష పడినవాడు లోపల, అమలు చేసేవాడు బయట, నడుమ మూసిన గోడ. ఈ గోడను దాటించడమెలా అన్నదే అసలు ప్రశ్న. పత్రికలో వచ్చిన వాక్యం ఆ ప్రశ్ననే మింగేసింది.

‘పోయి’

పోవు అన్నది అకర్మక క్రియ. పోయేవాడు తనంతట తాను పోతాడు. మడత తప్పిన ప్రోటీనుకు అటువంటి స్వతంత్రం లేదు. దాన్ని ఒకరు పట్టుకొని లాగాలి. ఇది తెలియడానికే శాస్త్రజ్ఞులకు ఏళ్ళు పట్టింది.

1988లో లిపిన్‌కాట్-ష్వార్ట్జ్, క్లాస్నర్ బృందం ఒక విషయం గమనించింది. టీ-కణాల గ్రాహకంలోని కొన్ని ఉపాంశాలు, జతకలిసే తోడు దొరకనప్పుడు, లైసోసోమ్ దాకా పోకుండానే ధ్వంసమవుతున్నాయి. అప్పుడు సహజంగా కలిగిన ఊహ ఏమంటే, జాలకం లోపలే ఏదో ప్రోటీన్లను కొరికే ఎంజైము ఉండి ఉంటుందని. దానికోసం వెదికారు. ఈ పని చేసేది లోపల దొరకలేదు.

1995లో రాన్ కోపిటో బృందమూ, మరొక బృందమూ సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీను విషయంలో, ప్రోటియాసోమును అడ్డుకుంటే ధ్వంసం మందగిస్తున్నదని చూపించారు. అయినా సందేహం తీరలేదు. ఆ ప్రోటీను పొరలో ఇమిడి ఉండేది, దాని పెద్ద భాగాలు బయటికే వేలాడుతుంటాయి. బయటి యంత్రం బయటి భాగాన్ని కొరికిందనుకుంటే సరిపోతుంది. ఆ సందేహాన్ని తీర్చింది 1996. జర్మనీలో డీటర్ వోల్ఫ్ బృందం ఈస్టులో, పూర్తిగా జాలకం లోపలే ఉండే ఒక ఎంజైమును ఎంచుకున్నది. ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారినందువల్ల అది మడత పడలేదు. పొరకు ఏ మాత్రమూ అంటని ఆ ప్రోటీను కూడా బయటనున్న ప్రోటియాసోము చేతిలోనే ధ్వంసమయింది! అంటే గోడ దాటింది. అదే ఏడాది బ్రాడ్‌స్కీ, మెక్‌క్రాకెన్ ఈ ప్రక్రియను పరీక్షనాళికలో చూపించి దానికి ‘ఎరాడ్’ అని పేరు పెట్టారు. అదే ఏడాది హిడ్డే ప్లూఖ్ బృందానికి ఒక వైరస్ పుణ్యమా అని కళ్ళకు కట్టే సాక్ష్యం దొరికింది. ప్రోటియాసోమును ఆపినప్పుడు, జాలకంలో ఉండవలసిన ప్రోటీను సైటోసాల్‌లో కనిపించింది. చక్కెర గొలుసు ఊడిపోయి, అది ఉన్నచోట ఆస్పరాజిన్ కాస్తా ఆస్పార్టేట్‌గా మారి ఉన్నది. చక్కెర తగిలేది జాలకం లోపల. దాన్ని ఈ రీతిలో ఊడదీసే ఎంజైము ఉండేది బయట. లోపలికి పోయి బయటికి వచ్చిందనడానికి ఇంతకన్న గట్టి ముద్ర ఏముంటుంది?

మరి లాగేదెవరు? 2001లో యే, మేయర్, రాపోపోర్ట్ దానికి పేరు చెప్పారు: సీడీసీ48. మనుషుల్లో దాన్నే పీ97 అంటారు. ఆరు ఒకేరకం ఉపాంశాలు వలయంగా కూర్చున్న యంత్రమిది, ఏటీపీని ఖర్చు చేసి పని చేస్తుంది. పట్టుకొని లాగడానికి పిడి కావాలి. ఆ పిడి యుబిక్విటిన్ గొలుసు. ఒక్కొక్క యుబిక్విటిన్ 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను. అటువంటివి కొన్నింటిని గొలుసుగా ప్రోటీనుకు తగిలిస్తారు. సీడీసీ48 ఆ గొలుసును పట్టి, తన నడిమి రంధ్రం గుండా ప్రోటీనును దారంలా విప్పుతూ ఈడుస్తుందని 2017లో తేలింది. మొదట ఒక యుబిక్విటిన్‌నే విప్పి రంధ్రంలోకి చొప్పించుకొని పని మొదలుపెడుతుందని 2019లో నిర్మాణచిత్రాలు చూపించాయి.

ఇంత శ్రమను, ఇంత శక్తివ్యయాన్ని ‘పోయి’ అనే రెండక్షరాల్లో కట్టిపెడితే ఏమనాలి? చిన్నప్పుడు మనమంతా కారకాలు వల్లించినవాళ్ళమే. ఇక్కడ కర్త సీడీసీ48. కర్మ ప్రోటీను. కరణం యుబిక్విటిన్ పిడి. అపాదానం జాలకం. పత్రిక వాక్యంలో కర్మను తెచ్చి కర్త పీట మీద కూర్చోబెట్టారు. ఇది శైలికి సంబంధించిన దోషం కాదు, సత్యానికి సంబంధించిన దోషం.

‘బయటకు’

ఏ దారిన బయటకు? ఈ ప్రశ్న దగ్గర పత్రికల వాక్యాలే కాదు, శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు కూడా దారి తప్పించిందని నా అభియోగం. ఈ ప్రక్రియకు రెట్రోట్రాన్స్‌లొకేషన్ అని పేరు స్థిరపడింది. తెలుగు చేస్తే తిరోగమనం. ప్లూఖ్ వంటివారు డిస్‌లొకేషన్ అన్నారు గాని, మొదటి పేరుదే పైచేయి అయింది. తిరోగమనం అనగానే మనసుకు తోచేదేమిటి? వచ్చిన దారినే తిరిగి పోవడం. ప్రోటీన్లు జాలకంలోకి వచ్చే దారి సెక్61 అనే కాలువ. కనుక పోయే దారీ అదేనన్నారు. ఆధారాలు లేకపోలేదు. 1996లో వైరస్ ఈడ్చుకుపోతున్న ప్రోటీను సెక్61కు అంటుకొని కనిపించింది. 1997లో సెక్61లో మార్పులున్న ఈస్టులో ధ్వంసం కుంటుపడింది. కానీ పక్కన కనిపించినంత మాత్రాన వాడే ద్వారపాలకుడని తీర్పు చెప్పవచ్చునా? సెక్61 పాడైతే లోపలికి రావలసిన సహాయకులూ సరిగా రావు. అప్పుడు కుంటుపడింది దారి లేకనా, సహాయకులు లేకనా?

తరవాత ఇతర అభ్యర్థులు వచ్చారు. 2004లో డెర్లిన్ అన్నారు. మరికొన్నాళ్ళకు, పొరలోంచి కొవ్వు బిందువు ఊడిపడేటప్పుడు ఏర్పడే కంత గుండా పోతాయేమోనని ప్లూఖ్ ప్రతిపాదించాడు. కొవ్వు బిందువులు లేని ఈస్టులో కూడా ధ్వంసం నడుస్తున్నదని తేలడంతో ఆ ఊహ బలహీనపడింది.

నిజానికి జవాబు ఎదుటే ఉన్నది. యుబిక్విటిన్ తగిలించే పని చేసే హెచ్‌ఆర్‌డీ1 అనే ప్రోటీను జాలకపు పొరలోనే పాతుకొని ఉంటుంది. దాన్ని అందరూ ముద్ర వేసే గుమాస్తా అనుకున్నారు, ద్వారం అనుకోలేదు. ఇక్కడొక తర్కం ఉన్నది. యుబిక్విటిన్ తగిలేది పొరకు బయటి వైపున. ప్రోటీను ఉన్నది లోపలి వైపున. అంటే పిడి తగలాలంటే ముందే కొంత భాగం బయటికి తొంగిచూడాలి. లాగడానికి పిడి కావాలి, పిడి తగలడానికి ముందే కొంత బయటపడాలి. ద్వారమూ ముద్ర వేసేదీ వేరువేరనుకుంటే ఈ చిక్కు వీడదు. రెండూ ఒకటే అయితే చిక్కే లేదు.

రాపోపోర్ట్ బృందం 2010లో, హెచ్‌ఆర్‌డీ1ను ఎక్కువగా తయారు చేయిస్తే దాని అనుచరులు కొందరు లేకపోయినా పని జరుగుతుందని చూపించింది. 2014లో శుద్ధి చేసిన కొద్దిపాటి భాగాలతోనే ఈ ప్రక్రియలోని ముఖ్యమైన మెట్లను కణం వెలుపల పునర్నిర్మించారు. 2016లో, హెచ్‌ఆర్‌డీ1 తనకు తానే యుబిక్విటిన్ తగిలించుకోవడం ఈ తరలింపుకు నాంది అని చెప్పారు. 2017లో శీతలీకరించిన నమూనాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే, హెచ్‌ఆర్‌డీ1 పొరలో నీటితో నిండే లోతైన గుంటలా కనిపించింది. 2020లో, కృత్రిమ పొరలో అమర్చినప్పుడు అది నిజంగానే రంధ్రంగా తెరుచుకుంటుందని విద్యుత్తు కొలతలు చెప్పాయి. అదే ఏడాది మరొక నిర్మాణచిత్రం, హెచ్‌ఆర్‌డీ1, డెర్1 అనేవి రెండు అరకాలువల్లా ఎదురెదురుగా నిలిచి ఉన్నాయనీ, వాటి నడుమ పొర పలుచబడి ఉన్నదనీ చూపించింది. గోడకు కంత పెట్టడం కాదిది. గోడనే పలుచన చేసి దాటించడం.

అన్ని ప్రోటీన్లకూ ఇదొక్కటే దారి అనడం లేదు. పొరలో ఇమిడిన కొన్నింటికి ఈస్టులో డీఎఫ్‌ఎమ్1 అనే డెర్లిన్ జాతి ప్రోటీను కావాలని 2018లో తెలిసింది. సెక్61ను పూర్తిగా కొట్టివేయడమూ జరగలేదు. కానీ లోపలినుండి పోయేవాటికి ప్రత్యేకించి కట్టిన వాకిలి ఒకటున్నదన్నది ఇప్పుడు ఊహ కాదు. వచ్చిన దారికీ పోయే దారికీ తేడా చెప్పని ‘బయటకు’ అనే మాట, ఇరవై ఏళ్ళకు పైబడిన ఆ వెదుకులాటను చెరిపేసింది.

‘మడత తప్పిన’

ఈ మాట దగ్గరే నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ మనుషుల ప్రాణాలున్నాయి.

మడత తప్పడమన్నది ప్రోటీను నుదుటి మీద రాసి ఉండదు. జాలకంలో విచారణ జరుగుతుంది. ప్రోటీనుకు మొదట 14 చక్కెరల గొలుసు తగులుతుంది. దాని చివరనున్న గ్లూకోజులను ఎంజైములు తుంచుతాయి. ఒక్క గ్లూకోజు మిగిలినప్పుడు కాల్నెక్సిన్, కాల్‌రెటిక్యులిన్ అనే సహాయకులు పట్టుకొని మడతపడడానికి తోడ్పడతాయి. ఆ ఒక్కటీ పోయాక కూడా ఆకృతి కుదరకపోతే, మరొక ఎంజైము తిరిగి ఒక గ్లూకోజును అంటించి వెనక్కి పంపుతుంది. కోర్టులో వాయిదా దొరికినట్టు. ఇలా వాయిదాల మీద వాయిదాలు నడుస్తుండగా, మరోపక్క మాన్నోజు అనే చక్కెరను మెల్లగా తుంచే ఎంజైములు పని చేస్తుంటాయి. అవి ఒక హద్దు దాటి తుంచాక బయటపడే మాన్నోజును గుర్తుపట్టేవారు వేరే ఉన్నారు. అంతటితో వాయిదాలు ముగిశాయి. ఇది తీర్పు. తీర్పు అన్నాక తప్పు తీర్పు కూడా ఉంటుంది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిని చూడండి. సీఎఫ్‌టీఆర్ 1,480 అమైనో ఆమ్లాల ప్రోటీను, క్లోరైడు అయాన్లకు దారి. 508వ స్థానంలోని ఫినైల్ఎలనిన్ ఒక్కటి లోపించడమే ఈ వ్యాధికి అతి సాధారణ కారణమని 1989లో తెలిసింది. ఆ ఒక్కటి లోపించిన ప్రోటీను కణం పైపొరకు చేరదు. జాలకం దగ్గరే పట్టుబడి దాదాపు అంతా ధ్వంసమవుతుంది. ఊపిరితిత్తుల్లో చిక్కని శ్లేష్మం పేరుకుంటుంది. అయితే 1992లో ఒక ప్రయోగంలో, కణాలను 37 డిగ్రీల దగ్గర కాక 30కి లోపు ఉష్ణోగ్రతలో పెంచితే, అదే ప్రోటీను కొంత తప్పించుకొని పైపొరకు చేరింది. చేరి క్లోరైడును పోనిచ్చింది! అంటే అది పూర్తిగా చెడినది కాదు. కుంటుతూనైనా పని చేయగలది. చేసే అవకాశం దొరకనిది.

‘చెడినవి పోతాయి’ అనుకునేవాడు ఇక్కడ చేయగలిగింది లేదు. ‘తీర్పు పొందినవి లాగివేయబడతాయి’ అని తెలిసినవాడు అడుగుతాడు: ఆ తీర్పు రాకముందే ప్రోటీనుకు కాస్త ఊత ఇవ్వవచ్చునా అని. అలా అడిగినవారే మడతకు తోడ్పడే మందులు వెదికారు. 2015లో మొదటిది, 2019లో ఇంకా బలమైన మూడు మందుల కలయిక అమెరికాలో అనుమతి పొందాయి. ఆ మూడింటిలో రెండు ప్రోటీను ఆకృతిని నిలబెట్టేవి, మూడోది పైకి చేరిన కాలువను తెరిచి ఉంచేది. నిర్వచనంలో ఒక క్రియ సరిగా ఉండడానికీ ఒక బిడ్డ ఊపిరికీ సంబంధం లేదని ఇప్పుడు ఎవరైనా అనగలరా?

ఇంకొక సంగతి. ఈ వాకిలి గుండా లాగబడేవన్నీ పుట్టుకతో చెడినవి కావు. హెచ్‌ఆర్‌డీ1 పేరే చూడండి. అది హెచ్‌ఎమ్‌జీ-కోఏ రిడక్టేజు ధ్వంసానికి కావలసిన జన్యువుగా 1996లో ఈస్టులో దొరికింది, పేరూ అలాగే వచ్చింది. ఆ రిడక్టేజు కొలెస్టరాల్ వంటి స్టెరాళ్ళ తయారీలో కీలకమైన ఎంజైము. చక్కగా పని చేసుకునే ఎంజైమే. సరుకు సరిపడా తయారయిందన్న సంకేతం రాగానే దాన్ని పట్టి లాగేస్తారు. మనుషుల్లోనూ దీన్ని ఇదేవిధంగా పొరనుండి ఊడలాగుతారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు రాత్రి భోజనమయ్యాక వేసుకునే స్టాటిన్ మాత్ర అడ్డుకునేది ఈ ఎంజైమునే. ఇక సైటోమెగాలో వైరస్ సంగతి. అది యూఎస్2, యూఎస్11 అనే రెండు ప్రోటీన్ల చేత, వైరస్ ఆనవాళ్ళను రక్షణకణాలకు చూపించవలసిన అణువులను ఇదే పద్ధతిలో నిమిషాల్లో ఈడ్పించి ధ్వంసం చేయిస్తుంది. ఊళ్ళో కాపలావాణ్ణి దొంగే పట్టించి జైలుకు పంపినట్టు. కనుక ఇదంతా ‘కణం తన చెత్తను తాను ఊడ్చుకోవడం’ అన్న మాట వినడానికి బాగున్నా, నిజానికి చాలా దూరం.

‘నశిస్తాయి’

చివరి మాట. లాగబడినవన్నీ నశిస్తాయా? మనకు ఆముదం తెలియనిది కాదు. ఆ గింజలో రైసిన్ అనే విషముంటుంది. అది నూనెలోకి రాదు, పిప్పిలో ఉండిపోతుంది. రైసిన్ కణం లోపలికి చేరి, ఎదురు దారి పట్టి జాలకం దాకా వస్తుంది. అక్కడ దాని ఏ-గొలుసు విడివడి, మడత తప్పినదానిలా నటించి, ఇదే తరలింపు యంత్రాంగాన్ని వాడుకొని సైటోసాల్‌లోకి జారుకుంటుంది. యుబిక్విటిన్ తగిలేది ముఖ్యంగా లైసిన్‌ల మీద. ఆ గొలుసులో లైసిన్‌లు రెండే. పిడి సరిగా తగలదు కనుక ధ్వంసం తప్పించుకొని, తిరిగి మడతపడి, రైబోసోములను పాడుచేస్తుంది. ఇక్కడ బయటపడింది నశించలేదు, కణమే నశించింది.

తద్విరుద్ధంగా, ధ్వంసం కావలసినవి లోపలే చిక్కుకుపోవడమూ ఉన్నది. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్‌లో జెడ్ అనే రూపం కాలేయకణాల జాలకంలో ఒకదానికొకటి గొలుసులుగా అల్లుకుంటుంది. విడి అణువులను కొంతవరకు లాగి ధ్వంసం చేయగలరు. అల్లుకుపోయిన గొలుసులు ఆ సన్నని వాకిట్లో పట్టవు. వాటికి ఆటోఫేజీ అనే వేరే మార్గమే దిక్కు. అదీ చాలకపోతే కాలేయం దెబ్బతింటుంది.

సరే, మరి సామాన్య పాఠకుడు ఇదంతా మోయగలడా అంటారు. పేర్లన్నీ మోయనక్కరలేదని నేనూ ఒప్పుకుంటాను. ఏళ్ళు, సంఖ్యలు, వలయాలు, ఇవన్నీ తీసివేయండి, నాకు అభ్యంతరం లేదు. కానీ కుదించడం వేరు, వక్రీకరించడం వేరు. పొట్టి వాక్యం కూడా నిజమే చెప్పవచ్చు. నేను రాయదలచిన నిర్వచనం ఇది:

“జాలకంలో పనికిరాదని తీర్పు పొందిన ప్రోటీనుకు పొరలోని ప్రత్యేక వాకిలి దారి ఇచ్చి, తొంగిచూసిన కొసకు యుబిక్విటిన్ పిడిని తగిలిస్తే, బయటనున్న యంత్రం శక్తిని ఖర్చు చేసి దాన్ని లాగి ప్రోటియాసోముకు అప్పగిస్తుంది.”

ఇందులో తీర్పు ఉన్నది, వాకిలి ఉన్నది, పిడి ఉన్నది, లాగేవాడున్నాడు. పత్రిక వాక్యం కన్న రెండున్నర రెట్లు పొడుగు, అంతే. రామాయణం హరికథ విని రాత్రంతా కూర్చోగలిగిన తెలుగువాడు ఈ ఒక్క వాక్యానికి అలసిపోతాడని నేను నమ్మను. ‘ఇంత చాలు’ అనేది పాఠకుడి మీద దయ కాదు, చిన్నచూపు. తెలుగుకు శాస్త్రం చెప్పే శక్తి లేదనేవారికి మనమే సాక్ష్యం చేతికిస్తున్నాం.

శాస్త్రాన్ని తెలుగు చేసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పారిభాషిక పదాల మీద మనం చాలా పోట్లాడుకున్నాం. ప్రోటీను అనాలా, మాంసకృత్తు అనాలా, ప్రాణ్యం అనాలా అని. నామవాచకం ఏదైనా పాఠకుడు రెండు రోజుల్లో అలవాటు పడతాడు. క్రియ తప్పితే మాత్రం జన్మంతా తప్పే నేర్చుకుంటాడు. కాబట్టి ఇకపై వాక్యం రాశాక ఒక్క క్షణం ఆగి అడుగుదాం: ఇక్కడ పని ఎవరు చేస్తున్నారు, ఎవరి మీద జరుగుతున్నది? నా వాక్యంలోనూ తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. ‘ఇంత చాలు’ అని మాత్రం అనకండి.